"మీ వాళ్ళ రక్తంలోనే ఉంది" అనేవాళ్ళకి: టీబీ, జన్యువులు, మనం

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. నేను డిగ్రీ రెండో ఏడు, జువాలజీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, అందుకని ఇంట్లో ఎవరినో అడిగి తెలుసుకునే వీలు లేదు. లైబ్రరీలో కూర్చుని, ఫోన్‌లో వెతికి, మా మేడమ్‌ని విసిగించి తెలుసుకున్నదే ఇదంతా.

విషయం టీబీ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, "టీబీ ఆదివాసీల రక్తంలోనే ఉంది" అనే మాట.

ఆ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు, అది ముందు ఒప్పుకుందాం. గిరిజన ఆరోగ్యం మీద కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో రిపోర్టు ఇచ్చింది. అందులో టీబీ లెక్క ఇలా ఉంది: ఆదివాసీల్లో లక్షకు 703 మంది, మిగతావాళ్ళలో లక్షకు 256 మంది. మధ్యప్రదేశ్‌లో సహరియా అనే తెగ ఉంది. మన దగ్గర చెంచులు, కొండరెడ్ల లాగే వాళ్ళు కూడా పీవీటీజీ లిస్టులో ఉన్నవాళ్ళు. షియోపూర్ జిల్లా సహరియా ఊళ్ళలో పరిశోధకులు తిరిగి పరీక్షలు చేస్తే లక్షకు 1518 మందికి ఊపిరితిత్తుల టీబీ తేలింది. ఆ పేపర్ 2010లో వచ్చింది. తర్వాత 2019-21లో దేశమంతా చేసిన సర్వేలో వచ్చిన లెక్క, 15 ఏళ్ళు దాటినవాళ్ళలో లక్షకు 316. ఏళ్ళు వేరు, సర్వేలు వేరు, పక్కపక్కన పెట్టి తూచకూడదు, నిజమే. అయినా తేడా ఎంత పెద్దదో కనిపిస్తూనే ఉంది.

ఈ అంకెలు చూడగానే బయటివాళ్ళు కొందరు "వాళ్ళ రక్తమే అంత, ఏం చేస్తాం" అంటారు. మనవాళ్ళలో కొందరు దానికి కోపం వచ్చి "జన్యువులు గిన్యువులు అంతా మనల్ని తక్కువ చేయడానికి చెప్పే కథ" అంటారు. ఇంకో రకం కూడా ఉన్నారు, "అడవి బిడ్డలం, మన రక్తం గట్టిది, మనకేం కాదు" అని దగ్గుతూ తిరిగేవాళ్ళు. ఈ మూడు మాటల్లో ఏదీ నాకు నచ్చదు. జన్యువులకి పాత్ర ఉంది, అది సైన్స్. ఎంత ఉంది, ఎవరికి ఉంది, దాన్ని పట్టుకుని ఏం చేయాలి అన్నదే అసలు గొడవ.

టీబీ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో బయటపెట్టాడు. అంతకుముందు యూరప్‌లో చాలామంది దీన్ని వంశపారంపర్య జబ్బు అనే నమ్మేవాళ్ళు. ఒకే ఇంట్లో వరసగా పోతుంటే అలా అనుకోవడంలో వింత లేదు. కాక్ తర్వాత అది అంటువ్యాధి అని తేలిపోయింది. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ప్రపంచంలో సుమారు నాలుగో వంతు మందికి ఈ సూక్ష్మజీవి సోకి ఉంటుందని అంచనా. వాళ్ళందరికీ జబ్బు రాదు. జీవితం మొత్తంలో 5 నుంచి 10 శాతం మందికే వస్తుంది. మిగతావాళ్ళ ఒంట్లో అది అణిగి పడి ఉంటుంది. మరి ఎవరిలో లేస్తుంది, ఎందుకు లేస్తుంది?

1929-30లో జర్మనీలోని ల్యూబెక్ ఊళ్ళో ఘోరం జరిగింది. పసిపిల్లలకి నోటి ద్వారా ఇచ్చిన బీసీజీ మందులో పొరపాటున అసలు టీబీ సూక్ష్మజీవి కలిసిపోయింది. సుమారు 250 మంది పిల్లలు తాగారు. 70 మందికి పైగా చనిపోయారు. మిగతా ఎక్కువమంది జబ్బు పడి కూడా బతికి బయటపడ్డారు. అందరి డోసులోనూ ఒకే మోతాదులో విషం లేదు కాబట్టి మొత్తం తేడాని ఒంటి మీదకే నెట్టలేం. అయినా ఒకే సూక్ష్మజీవి అందర్నీ ఒకేలా కొట్టదని అప్పుడే అర్థమైంది.

కవలల మీద చేసిన పరిశోధనలు ఇంకొంచెం స్పష్టం. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో జన్యువులు ఒకటే. వేరే పోలికల కవలలు మామూలు అన్నదమ్ముల్లాంటి వాళ్ళే, కాకపోతే ఒకే కాన్పు. ఇంగ్లాండ్‌లో జరిగిన ఒక పాత అధ్యయనం లెక్కల్ని 1978లో కామ్‌స్టాక్ అనే శాస్త్రవేత్త మళ్ళీ లెక్కకట్టాడు. ఒకరికి టీబీ ఉంటే రెండోవాళ్ళకి కూడా ఉండటం అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఇంచుమించు రెట్టింపు. అంటే జన్యువు పాత్ర ఉంది. కానీ ఇదే లెక్కని తిప్పి చదవండి. జన్యువులు అచ్చంగా ఒకటే అయిన జంటల్లో కూడా రెండోవాళ్ళకి వచ్చింది మూడో వంతు దగ్గరే. జన్యువే రాత అయితే ఇద్దరికిద్దరికీ రావాలి కదా?

లోపల జరిగేది క్లుప్తంగా చెప్తాను. గాలితో లోపలికి పోయిన సూక్ష్మజీవిని ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణం మింగుతుంది. మింగినా వెంటనే చంపలేదు. టీ కణాలు వచ్చి ఇంటర్ఫెరాన్ గామా అనే సిగ్నల్ ఇస్తేనే దానికి చంపే బలం వస్తుంది. ఈ సిగ్నల్ పంపడానికి, అందుకోవడానికి చాలా జన్యువులు పనిచేయాలి. 1990లలో కొన్ని కుటుంబాల్లో ఇంటర్ఫెరాన్ గామాని అందుకునే జన్యువే చెడిపోయి ఉందని కనిపెట్టారు. అలాంటి పిల్లలకి మనందరికీ పుట్టగానే వేసే బీసీజీ టీకా కూడా జబ్బుగా మారుతుంది. ఇవి చాలా చాలా అరుదు. టైక్2 అనే ఇంకో జన్యువు ఉంది. దానిలో ఒక మార్పు అమ్మ నుంచి, నాన్న నుంచి, రెండు వైపులా వస్తే టీబీ ముప్పు బాగా పెరుగుతుందని 2018లో తేలింది. తమాషా ఏంటంటే ఆ మార్పు ఎక్కువ కనిపించేది యూరప్ వాళ్ళలో. పాత ఎముకల్లోంచి తీసిన డీఎన్‌ఏ చూస్తే గత రెండు వేల ఏళ్ళలో యూరప్‌లో అది బాగా తగ్గిపోయింది. ఆ మార్పు ఉన్నవాళ్ళు ఎక్కువగా టీబీతో పోయి ఉంటారని శాస్త్రవేత్తలు అంటున్నారు. "రక్తంలో ఉంది" అనే మాట ఎవరికైనా అనాలంటే ముందు వాళ్ళకే అనాలి మరి. (ఇది కోపంతో అంటున్న మాట, సైన్స్ కింద లెక్కేయకండి.)

రెండు వైపులా రావాలి అన్నానుగా, అందుకే మేనరికాల సంగతి కూడా ఒక మాట. దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్నచోట ఇలాంటి అరుదైన లోపాలు బయటపడే అవకాశం పెరుగుతుంది. ఇది ఆదివాసీల మాట మాత్రమే కాదు, మేనమామ పెళ్ళిళ్ళు చేసుకునే తెలుగువాళ్ళందరి మాట.

సరే, అరుదైనవి పక్కన పెడదాం. మామూలు జనంలో సంగతేంటి? ఆఫ్రికా, ఆసియా, యూరప్ మూలాలున్న 14 వేల మందికి పైగా రోగుల్ని, 19 వేల మందికి పైగా జబ్బు లేనివాళ్ళని కలిపి జన్యువులన్నీ జల్లెడ పట్టారు. అంత జల్లెడ పడితే అన్ని జాతుల్లోనూ కలిపి గట్టిగా నిలబడింది ఒక్కటే చోటు, హెచ్‌ఎల్‌ఏ అనే ప్రాంతంలో. అది కూడా ముప్పుని కొంచెం అటూ ఇటూ జరిపేదే. వెస్ట్ ఆఫ్రికాలోని గాంబియాలో 1998లో ఒక జన్యువు, ఇంకోచోట ఇంకోటి, ఇలా చాలా కనిపెట్టారు. ఒక దేశంలో నిలబడింది ఇంకో దేశంలో చాలాసార్లు నిలబడలేదు.

ఇక్కడే మనవాళ్ళకి ఒక గందరగోళం ఉంది. మనకి జన్యువు అనే మాట తెలిసిందే సికిల్ సెల్ వల్ల. హాస్టల్‌కి వచ్చి వేలి మీద గుచ్చి రక్తం తీస్తారు, కార్డు ఇస్తారు, ఉంది, లేదు, లేదా క్యారియర్. సికిల్ సెల్‌లో ఒకే ఒక జన్యువు, అందులో ఒకే ఒక అక్షరం మార్పు. అందుకే కార్డు ఇవ్వగలరు. టీబీకి అలాంటి కార్డు లేదు. ఎవరైనా "మీ తెగకి టీబీ జన్యువు ఉంది" అంటే, సికిల్ సెల్ లెక్క దీనికి అతికిస్తున్నారని అర్థం.

సహరియాల మీద జన్యు పరిశోధనలు కూడా జరిగాయి. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే డీఎన్‌ఏ చూసి, చుట్టుపక్కల జనంలో కనిపించని వంశశాఖలు వీళ్ళలో ఉన్నాయని ఇటీవల రాశారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన చిన్న తెగల్లో ఇలా జరుగుతుంది. ఆ పరిశోధన చేయకూడదని నేననను. చేయాలి. కానీ పేపర్‌లో "ముడి ఉండొచ్చు" అని ఉన్నది టీవీకి వచ్చేసరికి "ఇదే కారణం" అయిపోతుంది. సహరియాల్లో చాలామంది రాతి క్వారీల్లో పనిచేస్తారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే టీబీ ముప్పు పెరుగుతుందని ఎప్పటి నుంచో తెలుసు. బీడీ ఉంది. కరువు ఉంది. పొగ నిండిన ఒంటి గది ఇల్లు ఉంది. ఇవన్నీ వదిలేసి తల్లి వైపు వంశశాఖ దగ్గర ఆగిపోతే ఎలా?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన పరిశోధన దగ్గరికి వస్తాను. దీన్ని ప్రతి గూడెంలో చదివి వినిపించాలి. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా చేశారు, పేరు రేషన్స్ ట్రయల్, 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2800 మంది టీబీ రోగులు, వాళ్ళ ఇళ్ళలో ఉండే 10,345 మంది. అందులో ఎక్కువమంది ఆదివాసీలు: సంతాల్, హో, ముండా. రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువు లేనివాళ్ళు. మందులతో పాటు రోగులందరికీ తిండి సరుకులు ఇచ్చారు. తేడా ఇంట్లోవాళ్ళ దగ్గర పెట్టారు. సగం ఊళ్ళలో ఇంటివాళ్ళకి కూడా నెల నెలా ఇచ్చారు, ఒక్కో పెద్దమనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు. మిగతా సగంలో ఇంటివాళ్ళకి ఇవ్వలేదు. ఫలితం: సరుకులు తిన్న ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తక్కువ. పరీక్షలో తేలే, ఇతరులకి అంటుకునే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తక్కువ. రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్ళు చావు నుంచి ఎక్కువగా తప్పించుకున్నారు.

పప్పు అన్నం తింటే సగానికి సగం. ఆ ఇళ్ళలో జన్యువులు మారలేదు. తాతల రక్తం మారలేదు. కిలోన్నర పప్పు మారింది.

అది చదివిన రోజు మా మెస్‌లో సాంబారు చూసి నవ్వొచ్చింది. పప్పు కోసం గరిట అడుగుదాకా పంపి వెతకాలి. మన హాస్టళ్ళలో వారానికి ఎన్ని గుడ్లు మెనూలో ఉన్నాయి, కంచంలోకి ఎన్ని వస్తున్నాయి అన్నది ఇకమీద తిండి గొడవ అనుకోకండి, టీబీ గొడవే.

కెనడా కథ కూడా తెలుసుకోవాలి. 1880లలో అక్కడి మైదానాల ఆదివాసీల్లో టీబీ విపరీతంగా చంపింది. తర్వాత కొందరు శాస్త్రవేత్తలు "టీబీ ఎరగని రక్తం, తట్టుకునే జన్యువులు లేనివాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళు మిగిలారు" అని రాశారు. కానీ అదే ఏళ్ళలో ఏం జరిగింది? వాళ్ళ తిండి అయిన అడవి దున్నల మందలు అంతరించాయి. వాళ్ళని రిజర్వుల్లో కుక్కారు. రేషన్ సరిగ్గా ఇవ్వలేదు. పిల్లల్ని కిక్కిరిసిన హాస్టల్ బడుల్లో పెట్టారు. ఇవేవీ లెక్కలోకి రాకుండా రక్తం మీద రాసేశారు. అలాస్కాలో బెతెల్ చుట్టుపక్కల ఆదివాసీ ఊళ్ళలో కూడా టీబీ అలాగే ఉండేది. 1950ల చివర్లో అక్కడ ఇంటింటికీ ఏడాది పాటు ఐసోనియాజిడ్ మాత్రలు ఇచ్చి చూస్తే జబ్బు సుమారు 70 శాతం తగ్గింది. ఒక తరం కూడా గడవలేదు.

మరి జన్యువుల సంగతి తెలిస్తే మనకి ఉపయోగమే లేదా? ఉంది. నా లెక్క ప్రకారం జబ్బు ఎవరికి వస్తుందో చెప్పడంలో కన్నా మందు ఎవరికి ఎలా పనిచేస్తుందో చెప్పడంలో ఎక్కువ ఉంది. ఐసోనియాజిడ్ 1952 నుంచి వాడుతున్న మందు. దాన్ని కాలేయంలో కరిగించే ఎంజైమ్ నాట్2 అనే జన్యువు నుంచి వస్తుంది. కొందరిలో అది నెమ్మదిగా పనిచేస్తుంది, మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, కాలేయం దెబ్బతినే ముప్పు, చేతులూ కాళ్ళూ తిమ్మిర్లు ఎక్కే ముప్పు ఎక్కువ. కొందరిలో వేగంగా పనిచేస్తుంది, మందు తొందరగా వెళ్ళిపోతుంది. దక్షిణ భారతంలో సగం కంటే ఎక్కువమంది నెమ్మది రకమే. మద్రాసులోని టీబీ పరిశోధన కేంద్రంలో 1960ల నాడే దీని మీద పనిచేశారు. జపాన్‌లో జన్యువు చూసి డోసు మార్చి ఇస్తే కాలేయం దెబ్బతినడం తగ్గిందని 2013లో రాశారు. మనకి మాత్రం ఇప్పటికీ బరువు చూసి అందరికీ ఒకే లెక్క.

మనవాళ్ళు కొందరు మందులు మధ్యలో మానేస్తారు. "కొండవాళ్ళకి క్రమశిక్షణ లేదు" అంటారు. వాంతులు అవుతుంటే, కళ్ళు పచ్చబడుతుంటే, అడిగితే "ఏం కాదు, వేసుకో" అని పంపేస్తుంటే మానరా? (ఎవరికైనా అలా ఉంటే సొంతంగా మానకండి. పీహెచ్‌సీకి వెళ్ళి కాలేయం పరీక్ష చేయమని అడగండి. మార్చి ఇచ్చే పద్ధతి ఉంది.) మన తెగల్లో ఎంతమంది ఏ రకమో తెలిస్తే అది పనికొచ్చే జన్యు పరిశోధన.

అదే మద్రాసు కేంద్రం 1959లో ఇంకో పెద్ద సంగతి బయటపెట్టింది. శానిటోరియంలో పడుకోబెట్టి మంచి తిండి పెట్టిన రోగులకీ, ఇరుకిళ్ళలో ఉండి మందులు వాడిన పేద రోగులకీ నయమవడంలో పెద్ద తేడా లేదు. ఇంట్లో ఉండటం వల్ల ఇంటివాళ్ళకి అదనంగా ఎక్కువగా అంటుకోనూ లేదు. "అయితే తిండి ముఖ్యం కాదా" అని మా రూమ్‌మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. మద్రాసు చెప్పింది, మందులు సరిగ్గా పడితే పేదవాడికీ నయమవుతుందని. జార్ఖండ్ చెప్పింది, పక్కనున్నవాళ్ళకి జబ్బు రాకుండా తిండి ఆపగలదని. రెండూ నిజమే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మాకు తెలిసిన ఒక హాస్టల్‌లో ఇంటర్ చదివే తమ్ముడికి తెమడ పరీక్షలో టీబీ అని వచ్చింది. ఆ సాయంత్రమే పెట్టె సర్దించి బస్సు ఎక్కించారు. ఎవరూ మాస్క్ ఇవ్వలేదు, మందుల కార్డు ఊరి ఆశా అక్కకి చేరేలా ఎవరూ చూడలేదు, అతని గదిలో పడుకున్న ఏడుగురికి పరీక్ష చేయించలేదు. పైగా "వాళ్ళ ఇంట్లో ముందే ఉందంట, వంశంలో ఉంది" అన్నారు. వంశం మీదకి నెట్టేస్తే ఆ ఏడుగురి బాధ్యత తప్పిపోతుంది కదా, అదీ సౌకర్యం. మందులకి లొంగే టీబీ అయితే, మందులు మొదలైన కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అతనికి ఓ వేరే గది, మందులు, గుడ్లు ఇచ్చి ఉంటే ఏడాది చదువు పోయేది కాదు. ఇంకో సంగతి, ఆ తమ్ముడి అక్కకి వచ్చిన సంబంధం కూడా ఆగిపోయింది, అదే "వంశం" మాట మీద.

రక్తం ఇవ్వడం గురించి కూడా. మా చిన్నప్పుడు ఊళ్ళోకి ఎవరో వచ్చి అందరి దగ్గరా రక్తం తీసుకుని, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వెళ్ళారు. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అమెరికాలో హవసుపాయి అనే తెగ ఉంది. 1990 నుంచి షుగర్ జబ్బు పరిశోధన అని వాళ్ళ రక్తం తీసుకున్నారు. తర్వాత వాళ్ళకి చెప్పకుండా మానసిక జబ్బుల మీద, వాళ్ళు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద కూడా వాడారు. తెగవాళ్ళు కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు కట్టి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చింది. మన దేశంలో కూడా ఐసీఎంఆర్ 2017 నియమాల ప్రకారం మనకి అర్థమయ్యే భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. కాదనే హక్కు ఉంది.

నేనైతే కాదనమని చెప్పను. మనం ఇవ్వకపోతే మన తెగల గురించి మంచి లెక్క ఎప్పటికీ రాదు, ఎవరో యూరప్ వాళ్ళ రక్తం మీద తేల్చిన డోసే మనకి రాస్తారు. కానీ అడిగి ఇద్దాం. దేనికి, ఎక్కడ దాస్తారు, వేరే పనికి వాడతారా, ఫలితం ఊరికి వచ్చి చెప్తారా, పేపర్‌లో తెగ పేరు ఎలా రాస్తారు. ఈ ఐదూ మన భాషలో రాయించి సంతకం పెట్టడానికి ముందు చదివి వినిపించాలి. చదువుకున్నవాళ్ళం మనమే కాబట్టి ఆ పని మనదే.

టీబీ రోగికి నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1000 రూపాయలు రావాలి, 2024 నవంబర్ నుంచి 500 కాస్తా 1000 అయింది. మీ ఊళ్ళో మందులు వాడుతున్నవాళ్ళ బ్యాంకు ఖాతాకి అది పడుతోందా చూడండి, చాలామందికి ఖాతా ఆధార్‌తో కలవక ఆగిపోతుంది. ఆ డబ్బు రోగికి మాత్రమే. జార్ఖండ్‌లో ఫలితం వచ్చింది ఇంటిల్లిపాదికీ సరుకులు ఇస్తే. ఐటీడీఏ గ్రీవెన్స్‌కి ఈసారి మన సంఘం తరఫున వెళ్ళేటప్పుడు రోడ్డు అర్జీతో పాటు ఇది కూడా పెడదాం: టీబీ ఉన్న ప్రతి ఇంటికీ మందులు నడిచినన్నాళ్ళూ మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, హాస్టల్‌లో ఒకరికి తేలితే గదిలో అందరికీ పరీక్ష, రోగికి అక్కడే వైద్యం, చదువు ఆపకుండా. అర్జీ నేను రాస్తాను. జార్ఖండ్ అంకెలు పైన ఉన్నవే. తప్పులుంటే సరిచేసి, మీ ఊరి పేరు, మందులు వాడుతున్న ఇళ్ళ సంఖ్య మాత్రం రాసి నాకు పంపండి. రోగుల పేర్లు వద్దు.